యంత్రం కన్నా ముందు కబురు రావాలి

నవ రాయ్‌పూర్‌లో 2025 మే 3న ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ఒక డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన చేశారు. పదమూడున్నర ఎకరాల్లో, రూ.1,000 కోట్ల పెట్టుబడితో ర్యాక్‌బ్యాంక్ సంస్థ తలపెట్టిన ఆ పార్కు పూర్తిగా కృత్రిమ మేధ అవసరాల కోసమే. ఏఐ కోసం దేశంలో ఏర్పడుతున్న తొలి ప్రత్యేక ఆర్థిక మండలి ఇదేనని ప్రభుత్వం ప్రకటించింది. మూడు నెలలు తిరక్కుండానే, జులై 27న, దేశంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, ఆ ఆర్థిక సంవత్సరంలోనే తగ్గించుకుంటానని చెప్పింది. ఒకటి ఆశ పుట్టించే వార్త, ఇంకొకటి గుండెల్లో రాయి పడే వార్త. రెండూ వెళ్లి తాకింది ఒకే రకం ఇళ్లను. ఉక్కు కర్మాగారంలో పని కోసం భిలాయ్‌కి, రైల్వే వ్యాగన్ షాపులో పని కోసం రాయ్‌పూర్‌కి తరలివచ్చి ఖుర్సీపార్‌లో, డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో. తాత కొలిమి దగ్గర చెమటోడ్చాడు. తండ్రి ప్లాంటు జీతంతో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించాడు. పిల్లలు హైదరాబాద్, పుణె, బెంగళూరుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇప్పుడు ఆ ఉద్యోగాలు నిలుస్తాయా అన్న బెంగ పట్టుకుంది.

ఈ భయాన్ని రెండు రకాలుగా కొట్టిపారేయడం అలవాటైపోయింది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా జనం ఇలాగే బెదిరారనీ, చివరికి అంతా సర్దుకుందనీ కొందరంటారు. కొత్త నైపుణ్యాలు నేర్చుకున్నవాడికి భయమెందుకని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కానీ రెండూ అసలు సంగతిని దాటేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని యంత్రం కన్నా ఎక్కువగా వేధిస్తున్నది ఏమీ తెలియకపోవడం. ఏ పనిని ఎప్పుడు యంత్రానికి అప్పగిస్తారో, ఆ పని చేస్తున్నవాళ్లను ఏం చేయదలచుకున్నారో, ఆ నిర్ణయం ఎవరు ఏ లెక్కన తీసుకుంటారో అతనికి ముందుగా తెలియదు. తెలుసుకునే దారి లేదు. అడిగే హక్కు ఉందని చెప్పినవాళ్లూ లేరు. యంత్రాన్ని ఆపమంటే ఆగదు. దాని కన్నా ముందు కబురు రావాలనీ, కబురొచ్చాక ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలనీ అడగడం మాత్రం న్యాయం, సాధ్యం కూడా. ఈ మాట చెప్పడానికి ఛత్తీస్‌గఢ్ కన్నా తగిన చోటు దేశంలో అరుదు. యంత్రం ఎలా రావాలి, ఎవరిని అడిగి రావాలి అన్న ప్రశ్న కోసం ఈ నేల మీద కార్మికులు దాదాపు యాభై ఏళ్ల కిందటే ప్రాణాలకు తెగించి కొట్లాడారు.

ముందు కంపెనీలు ఏమంటున్నాయో చూద్దాం. 2025 జూన్ 30 నాటికి టీసీఎస్‌లో 6,13,069 మంది పనిచేస్తుండేవారు. కోతకు ఏఐ వల్ల పెరిగే ఉత్పాదకత కారణం కాదనీ, నైపుణ్యాలు సరిపోకపోవడం, కొందరిని ఏ ప్రాజెక్టులోనూ సర్దలేకపోవడం కారణమనీ సీఈవో కె.కృతివాసన్ వివరించారు. వేటు ఎక్కువగా మధ్య, పై స్థాయుల వారి మీద పడుతుందని కంపెనీయే చెప్పింది. సెప్టెంబరు 30 నాటికి సిబ్బంది సంఖ్య 5,93,314కు దిగింది. అంటే మూడు నెలల్లో తగ్గినవాళ్లు 19,755 మంది. అందులో తాము పంపించింది ఆరు వేల మందినేనని కంపెనీ లెక్క. సొంతంగా మానుకున్నవాళ్లూ ఈ తగ్గుదలలో ఉంటారన్నది నిజమే. అయితే చాలామంది చేత బలవంతంగా రాజీనామా చేయించారని నైటీస్ అనే ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. బయట ప్రచారంలో ఉన్న పెద్ద అంకెలు తప్పని కంపెనీ ఖండించింది. ఎవరి లెక్క నిజమో తేల్చే మూడో మనిషి లేడు. రాజీనామా పత్రం మీద ఉద్యోగి సంతకం ఉంటే కాగితం మీద అది తొలగింపుగా నమోదు కాదు. సొంతంగా వెళ్లాడా, వెళ్లగొట్టారా అన్న తేడా హెచ్‌ఆర్ గది నాలుగు గోడలు దాటి బయటకు రాదు. లక్షల మంది బతుకుల మీద ప్రభావం చూపే ఈ వ్యవహారంలో ప్రజలకు తెలిసేది మూడు నెలలకోసారి షేర్‌హోల్డర్ల కోసం విడుదలయ్యే ఒక్క సంఖ్య మాత్రమే.

ఇది ఒక్క కంపెనీ తీరు కూడా కాదు. అమెజాన్‌కు ప్రపంచంలోకెల్లా పెద్ద సొంత కార్యాలయ భవనం 2019లో హైదరాబాద్‌లో తెరిచారు. ఆ కంపెనీ సీఈవో ఆండీ జాస్సీ 2025 జూన్‌లో ఉద్యోగులకు రాసిన లేఖలో, ఏఐ వల్ల రాబోయే కొన్నేళ్లలో కార్యాలయ సిబ్బంది తగ్గుతారని చెప్పారు. అక్టోబరు చివర్లో 14 వేల ఉద్యోగాల కోత ప్రకటించాక మాత్రం అది డబ్బు కోసం చేసింది కాదనీ, ప్రస్తుతానికి ఏఐ వల్ల కూడా కాదనీ, సంస్థ సంస్కృతికి సంబంధించిందనీ అన్నారు. 2026 జనవరిలో మరో 16 వేల ఉద్యోగాలు పోయాయి. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ 2025లో 15 వేల మందికి పైగా తొలగించింది. ఆ సంవత్సరం దాని నికర లాభం పది వేల కోట్ల డాలర్లు దాటింది. మొత్తం సిబ్బంది సంఖ్య మాత్రం అంతకు ముందు ఏడాదిలాగే 2,28,000 దగ్గరే ఉంది. ఒక చేత్తో తీసేస్తూ ఇంకో చేత్తో నియమించుకుంటున్నారన్నమాట. ఇందులో ఏఐ పాత్ర ఎంత, కొవిడ్ రోజుల్లో ఎడాపెడా చేసిన నియామకాల సర్దుబాటు ఎంత, డేటా సెంటర్లకు పోస్తున్న వేల కోట్ల డాలర్ల భారం ఎంత? బయటివాళ్లు కచ్చితంగా చెప్పలేరు. లోపలివాళ్లకు తెలిసినా చెప్పరు. మదుపర్లతో మాట్లాడేటప్పుడు ఏఐ అద్భుతాలు చేస్తోందని చెప్పే నోరే, ఉద్యోగులు నిలదీసేటప్పుడు ఏఐకి సంబంధమే లేదంటే వినేవాళ్లకు ఏది నమ్మాలో తెలియదు. భయం పుట్టేది అక్కడే.

ఆ భయం రోజువారీ పనిలోకి ఎలా దిగుతుందో కూడా చూడాలి. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన కొత్త నియమం ప్రకారం ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లు వేసే పనిలో ఉండాలి, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద 35 రోజులు దాటకూడదు. ప్రాజెక్టు అయిపోవడం ఉద్యోగి చేతిలో లేదు. కొత్త ప్రాజెక్టులో తీసుకోవాలా వద్దా అన్నదీ అతని చేతిలో లేదు. గడియారం మాత్రం అతని పేరు మీద తిరుగుతుంది. అమెరికాలో హెచ్‌1బీ వీసా మీద ఉన్న తెలుగువాడికి ఇంకో గడియారం ఉంది. ఉద్యోగం పోయిన నాటి నుంచి 60 రోజుల్లో కొత్త యజమాని దొరక్కపోతే దేశం విడవాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి. ఇంటి అప్పు, పిల్లల బడి, ఊళ్లో తల్లిదండ్రుల మందులు ఆ అరవై రోజుల మీదే ఆధారపడతాయి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఏఐ పనిముట్టు ఇచ్చి, దీనితో నీ పని ఎంత తొందరగా అవుతుందో చెప్పమంటే ఏమవుతుంది? సగం సమయం మిగులుతోందని నిజం చెబితే ఆ మిగులే రేపు తన కుర్చీ తీసేయడానికి లెక్క అవుతుందేమోనని అతను వెనకాడతాడు. తెలిసిన కిటుకును పక్కవాడికి చెప్పడు. కొత్తగా చేరినవాడికి నేర్పడు. రహస్యంగా చేసే కోత వల్ల నష్టపోయేది ఉద్యోగి ఒక్కడే కాదు. యంత్రం వల్ల నిజంగా రావాల్సిన లాభం కంపెనీకి కూడా పూర్తిగా రాదు.

ఇప్పుడు, మొదట చెప్పిన కొట్లాట జరిగిన దల్లీ రాజ్‌హరా సంగతి. భిలాయ్‌కి దక్షిణాన, నేటి బాలోద్ జిల్లాలో ఉన్న ఈ గనుల ఇనుప ఖనిజంతోనే భిలాయ్ కొలుములు వెలిగాయి. 1970ల్లో ఆ ఖనిజాన్ని చాలావరకు చేత్తో తవ్వి, సుత్తితో కొట్టి, తట్టలతో లారీలకు ఎత్తేవారు. పనిచేసేది ఆదివాసులు, ఛత్తీస్‌గఢీ పల్లెల వాళ్లు. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లు. అంతా కాంట్రాక్టు కూలీలే. ప్లాంటులో శాశ్వత ఉద్యోగికి దొరికే జీతంలో వీళ్లకు దక్కేది చిన్న ముక్క. 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. ఆ జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. అంత దెబ్బ తిన్నాక కూడా నిలబడిన ఆ సంఘం ముందుకు కొద్ది కాలంలోనే ఇంకా పెద్ద ప్రశ్న వచ్చింది. గనుల్ని పూర్తిగా యాంత్రీకరించాలని ప్లాంటు యాజమాన్యం తలపెట్టింది. యంత్రాలు దిగితే వేల మంది చేతికి పనుండదు. యంత్రాలొచ్చిన గనుల్లో మొదట ఇంటిదారి పట్టేది ఆడకూలీలే.

యంత్రం వస్తే ఏమవుతుందో వాళ్లు ఊహించుకోవాల్సిన పని లేకపోయింది, కళ్లముందే బైలదిల్లా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే గనుల సంస్థ ఎన్‌ఎండీసీ బస్తర్ కొండల్లో తవ్వే ఆ ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్లేది. అక్కడ చేత్తో తవ్వే కాంట్రాక్టు పనులు ఆపేసి వేల మందిని వీధిన పడేసే పరిస్థితి వచ్చినప్పుడు కార్మికులు తిరగబడ్డారు. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికుల ప్రాణాలు పోయాయి, గుడిసెలు తగలబడ్డాయి, మిగిలినవాళ్లు చెల్లాచెదురయ్యారు. దల్లీలో సంఘం ఈ అనుభవం నుంచి తెలివైన పాఠం నేర్చుకుంది. యంత్రాన్ని పగలగొడతామని అనలేదు. పాక్షిక యాంత్రీకరణ పేరుతో సొంత ప్రణాళిక తయారుచేసి యాజమాన్యం ముందు పెట్టింది. మనుషులు బాగా చేయగలిగిన దశల్లో మనుషులు, యంత్రం లేకుండా కుదరని దశల్లో యంత్రాలు. పూర్తి యాంత్రీకరణ కన్నా ఇందులో టన్నుకు ఖర్చు తక్కువ పడుతుందని లెక్కలు వేసి వాదించింది. బడి మెట్లెక్కని కూలీలు పక్కన కూర్చోగా వేసిన లెక్కలవి. యాజమాన్యం వాళ్లతో మాట్లాడక తప్పలేదు. పూర్తి యాంత్రీకరణ ఏళ్ల తరబడి వాయిదా పడింది. ఆ వ్యవధిలో కూలి ఎన్నో రెట్లు పెరిగింది. 1983లో కార్మికులు తమ చందాలతో, శ్రమదానంతో షహీద్ ఆసుపత్రిని కట్టుకున్నారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. దల్లీలో యంత్రం ఆలస్యమైందే తప్ప ఆగలేదు కదా, చివరికి వచ్చింది కదా అని. నిజమే, వచ్చింది. ఆ ఆలస్యం విలువ ఏమిటన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. ఆ ఏళ్లలో ఒక తరం పిల్లలు బడికి వెళ్లారు, కుటుంబాలు కూలి నుంచి కాస్త కూడబెట్టుకున్నాయి, వయసు మళ్లినవాళ్లు పని చేస్తూనే విశ్రాంతి వయసుకు చేరారు. యంత్రం ఒక మనిషి బతుకుకాలంలో మెల్లగా వస్తే ఆ మనిషి తట్టుకుంటాడు. అదే యంత్రం ఒక్క ఈమెయిల్‌లో వస్తే కూలిపోతాడు. వేగాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది అందుకే కూడుగుడ్డల ప్రశ్న. మాట్లాడుకునే చోటు లేకుండా సిబ్బంది తగ్గితే ఏమవుతుందో భిలాయ్ ప్లాంటులోనే చూడొచ్చు. 1959లో తొలి కొలిమి వెలిగిన ఆ కర్మాగారంలో 1980ల నాటికి గనులతో కలిపి శాశ్వత ఉద్యోగులు అరవై వేలు దాటారు. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఒక్కరినీ పేరు పెట్టి తీసేయకుండా, రిటైరైనవాళ్ల చోటును భర్తీ చేయకుండా తగ్గించారు. అయితే ఆ పని అంతా యంత్రాలకే పోలేదు. చాలా పని కాంట్రాక్టు కూలీల చేతికి, చౌక కూలికి, భద్రత లేని షరతులకు వెళ్లింది. మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఏళ్ల తరబడి భిలాయ్‌లో పరిశోధించి 2020లో వెలువరించిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే పుస్తకంలో ఈ చీలికనే వివరించారు. ఒకే గేటు లోపల రెండు రకాల కార్మికులు, రెండు రకాల జీవితాలు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వెండర్ ద్వారా వచ్చే కాంట్రాక్టు సిబ్బంది పెరుగుతున్న తీరు చూస్తే భిలాయ్ గుర్తుకు రాక మానదు.

ఒప్పందంతో వచ్చిన యంత్రం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది, అది బ్యాంకు. 1960ల్లో బీమా సంస్థ ఎల్ఐసీ కలకత్తాలో కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు నెలల తరబడి రాత్రింబవళ్లు కాపలా కాసి అడ్డుకున్నారు. ఆ తరం నాయకులను అభివృద్ధి నిరోధకులని ఇప్పటికీ తిడతారు. తర్వాత బ్యాంకుల్లో జరిగింది మాత్రం ఎక్కువమందికి గుర్తులేదు. 1983 సెప్టెంబరులో బ్యాంకు యాజమాన్యాల సంఘం, ఉద్యోగ సంఘాలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. యంత్రాలు ఎన్ని, ఎక్కడెక్కడ రావాలో అందులో రాసుకున్నారు. వాటి మీద పనిచేసేవారికి ప్రత్యేక భత్యం ఇచ్చారు. కంప్యూటర్ వచ్చిందని ఎవరినీ ఇంటికి పంపలేదు. తర్వాతి ఒప్పందాల్లో పరిమితులు ఒక్కొక్కటిగా సడలాయి. 2000–01లో స్వచ్ఛంద విరమణ పథకం కింద దాదాపు లక్ష మంది ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి వెళ్లారు, డబ్బు తీసుకుని వెళ్లారు. ఈ రోజు పల్లెల్లో సైతం ఫోన్‌లో డబ్బు పంపుకుంటున్నాం. సంఘాలతో మాట్లాడినందువల్ల దేశం వెనకబడిపోలేదు. ప్రైవేటు రంగంలో ఉదాహరణ కావాలంటే టీసీఎస్ యజమానులైన టాటాల ఇంట్లోనే ఉంది. 1990ల మధ్యలో టాటా స్టీల్‌లో 78 వేల పైచిలుకు సిబ్బంది ఉండేవారు. ఆధునికీకరణలో భాగంగా దశాబ్దం తిరిగేసరికి ఆ సంఖ్య దాదాపు సగానికి చేరువైంది. ముందుగా వైదొలగడానికి ఒప్పుకున్నవారికి రిటైర్మెంట్ వయసు వరకు నెలనెలా మూలవేతనం ఇచ్చే పథకం పెట్టారు. అంత పెద్ద కోత జంషెడ్‌పూర్‌లో సమ్మె లేకుండా జరిగింది. ఒకే గ్రూపులో ఉక్కు కార్మికుడికి దక్కిన మర్యాద సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఎందుకు దక్కకూడదు?

చట్టంలో చోటు లేదనుకుంటే పొరపాటు. 1956లోనే పారిశ్రామిక వివాదాల చట్టానికి ఒక సవరణ తెచ్చారు. ఉద్యోగాల తొలగింపుకు దారితీసే అవకాశమున్న యంత్ర, సాంకేతిక మార్పు ఏదైనా తలపెడితే ఆ మార్పు తేవడానికి 21 రోజుల ముందు కార్మికులకు నోటీసు ఇవ్వాలన్నది దాని సారం. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సులో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి ఇంకో అడుగు వేశారు. యంత్రం తెచ్చినప్పుడు ఉన్న ఉద్యోగిని తీసేయకూడదు, అతని ఆదాయం తగ్గకూడదు, లాభం సమాజానికీ యజమానికీ కార్మికుడికీ న్యాయంగా పంచాలి అని ఒప్పుకున్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఆ 21 రోజుల నోటీసు నిబంధన మూడో షెడ్యూలులో అలాగే ఉంది. తొలగించిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని కొత్త నైపుణ్యాల నిధికి యజమాని జమ చేయాలన్న నిబంధన అదనంగా చేరింది. అయితే సామూహిక తొలగింపులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసే అధ్యాయం గనులు, ఫ్యాక్టరీలు, తోటలకే పరిమితం. అందులోనూ కార్మికుల పరిమితిని వంద నుంచి మూడు వందలకు పెంచారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మిగిలిన బలమైన ఆయుధం ఆ నోటీసు నిబంధనే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కార్మికుడెలా అవుతాడని అడుగుతారు. చట్టం ముందుగా చూసేది జీతాన్నో హోదానో కాదు, ప్రధానంగా చేసే పని స్వభావాన్ని. సాంకేతిక పని చేసేవాడు కార్మికుడే, మేనేజర్‌గా ఇతరుల మీద అధికారం చెలాయించేవాడు కాడు. కార్డు మీద మేనేజర్ అని రాసినంత మాత్రాన మేనేజర్ అయిపోడు. 2015లో తొలగింపునకు గురైన ఒక టీసీఎస్ ఇంజినీరు కేసులో చెన్నై లేబర్ కోర్టు 2022లో ఇదే దృష్టితో ఆలోచించి అతన్ని తిరిగి తీసుకోమని ఆదేశించింది. తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది. ఏడేళ్లు కోర్టు చుట్టూ తిరగగలిగే ఓపిక, డబ్బు ఎందరికుంటాయి? ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఆపేస్తారేమో, ఇంకో కంపెనీకి చెడుగా చెబుతారేమో అన్న జంకుతో చాలామంది సంతకం పెట్టి తలవంచుకుని బయటికి వచ్చేస్తారు. అందుకే ఒక్కొక్కరు విడివిడిగా కోర్టుకెళ్లే హక్కు కన్నా అందరికీ ఒకేసారి వర్తించే ముందస్తు నోటీసు విలువైనది.

లక్షల జీతం తీసుకునేవాళ్ల కోసం కన్నీళ్లెందుకన్న మాట కూడా వినిపిస్తుంది, ముఖ్యంగా రాయ్‌పూర్ లాంటి చోట రోజుకూలీ బతుకులు చూసినవాళ్ల నుంచి. ఆ కోపంలో న్యాయముంది. కానీ మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ జీతం ఒక్క మనిషిది కాదు. తండ్రి వైద్యం, చెల్లి చదువు, ఊళ్లో ఇల్లు దాని మీద నిలబడి ఉంటాయి. పైగా ఫ్రెషర్ జీతాలు పదిహేనేళ్లుగా పెద్దగా పెరగలేదన్నది పరిశ్రమలో అందరికీ తెలిసిన సంగతే. ఇంకో అభ్యంతరం, నియమాలు పెడితే కంపెనీలు వేరే దేశానికి పోతాయని. జర్మనీలో ఏఐని ప్రవేశపెట్టేటప్పుడు ఉద్యోగుల మండలి సొంతంగా నిపుణుణ్ని పిలిపించుకునే హక్కును 2021లో చట్టం చేశారు. న్యూయార్క్ రాష్ట్రం సామూహిక తొలగింపుల నోటీసు ఫారంలో, దీనికి ఆటోమేషన్ కారణమా అన్న ప్రశ్నను 2025 మార్చిలో చేర్చింది. అక్కడి నుంచి ఎవరూ పారిపోలేదు. ఇక కొత్త నైపుణ్యాలు నేర్చుకోమనే సలహా మంచిదే. కానీ ఏం నేర్చుకోవాలో తెలియాలంటే ఏ పని పోబోతోందో ముందు తెలియాలి. ఇన్ఫోసిస్ 2016–17లో ఆటోమేషన్ వల్ల 11 వేల మంది చేసే పనికి సమానమైన శ్రమ ఆదా అయిందని చెప్పి, అలా ఖాళీ అయినవాళ్లను ఇతర పనుల్లో పెట్టామంది. చెప్పదలచుకుంటే ఈ లెక్క చెప్పొచ్చని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ముందుగా చెప్పి మాట్లాడితే యజమాని తప్పు కూడా సరిదిద్దుకోవచ్చని చూపే సంఘటన ఈ మధ్యే జరిగింది. 2025 జులైలో ఆస్ట్రేలియాలోని కామన్వెల్త్ బ్యాంక్ ఫోన్ కాల్స్‌కు జవాబిచ్చే వాయిస్ బాట్ తెచ్చామంటూ 45 ఉద్యోగాలు తీసేసింది. బాట్ వల్ల కాల్స్ తగ్గాయని బ్యాంకు వాదన. అక్కడి ఉద్యోగుల సంఘం దాన్ని ట్రిబ్యునల్ ముందుకు తీసుకెళ్లింది. కాల్స్ నిజానికి పెరుగుతున్నాయనీ, ఉన్నవాళ్ల చేత ఓవర్‌టైమ్ చేయిస్తున్నారనీ సంఘం చూపించింది. ఆగస్టులో బ్యాంకు తన అంచనా తప్పని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఆ ఉద్యోగాలు తిరిగి ఇచ్చింది. స్వీడన్ కంపెనీ క్లార్నా తన ఏఐ 700 మంది కాల్ సెంటర్ ఉద్యోగుల పని చేస్తోందని 2024లో ఘనంగా చాటి, 2025లో నాణ్యత దెబ్బతిందని మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. యంత్రం ఎంత చేయగలదన్న విషయంలో పై అంతస్తులో కూర్చున్నవాళ్ల అంచనా తప్పవచ్చు. ఆ పని రోజూ చేసేవాడికి దాని లోతు తెలుసు. దల్లీ గనుల్లో సుత్తి పట్టిన కూలీకి తెలిసినట్టే.

ఇప్పుడు నిర్ణయం ప్రభుత్వాల చేతిలో ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. కంపెనీ అక్కడ 12 వేల ఉద్యోగాలు ఇస్తుందని చెప్పారు. అదే ఏడాది, అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటానని ప్రకటించింది. భూమి ప్రజలది. దాన్ని దాదాపు ఉచితంగా ఇస్తున్నప్పుడు వచ్చే ఉద్యోగాల సంఖ్య ఒక్కటే అడిగి ఊరుకోవడం చాలదు. యంత్రం వల్ల ఏ ఉద్యోగాలు పోనున్నాయో ముందుగా చెప్పాలని, ఉద్యోగుల ప్రతినిధులతో మాట్లాడాలని, బలవంతపు రాజీనామాలు చేయించకూడదని ఒప్పందంలో రాయించుకోవాలి. నవ రాయ్‌పూర్‌లో డేటా సెంటర్లకూ, హైదరాబాద్‌లో గ్లోబల్ సెంటర్లకూ స్థలాలు, రాయితీలు ఇస్తున్న ప్రభుత్వాలకూ ఇదే వర్తిస్తుంది. డేటా సెంటర్‌లో కోట్ల పెట్టుబడికి దక్కే శాశ్వత ఉద్యోగాలు వందల్లోనే ఉంటాయి కాబట్టి ఈ షరతు ఇంకా అవసరం. అలాగే సాఫ్ట్‌వేర్ సంస్థలకు మూడో షెడ్యూలులోని నోటీసు నిబంధన వర్తిస్తుందని కార్మిక శాఖలు స్పష్టంగా ప్రకటించాలి.

ఉద్యోగులూ ఒక పని చేయాలి. రాజీనామా పత్రం ముందు పెట్టినప్పుడు అక్కడికక్కడ సంతకం చేయకండి. తొలగింపు కారణాన్ని రాతపూర్వకంగా అడగండి, మీ పనిలోకి ఏఐ ఎప్పుడు ఎలా వచ్చిందో తేదీలతో రాసి పెట్టుకోండి, పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో మాట్లాడండి, సంఘంలో చేరండి. సంఘం పెట్టుకునే హక్కు భిలాయ్ కొలిమి కార్మికుడికి ఎంత ఉందో మీకూ అంతే ఉంది.